వాతావరణం నిలకడగా లేని రోజున కొండ ఎక్కి దిగడం ఎలా?

“పొద్దున ఎండట, మధ్యాహ్నం వానట. కొండకు వెళ్లవచ్చా, మానుకోవాలా?” పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. చాలా రోజుల్లో వెళ్లవచ్చు, హాయిగానే తిరిగి రావచ్చు. అయితే కొండ మీద తీసుకోవలసిన నిర్ణయాల్లో ముఖ్యమైనవి ఇంట్లోనే తీసుకుని, కాగితం మీద రాసుకుని బయలుదేరాలి. తడిసి, అలిసి, గాలి హోరుకు పక్కవాళ్ల మాట కూడా వినపడని చోట ఎవరి బుద్ధీ సరిగా పనిచేయదు. అప్పుడు “ఇంత దూరం వచ్చాం కదా” అన్న మాటదే పైచేయి అవుతుంది.

ఇది పొద్దున వెళ్లి సాయంత్రంలోపు తిరిగొచ్చే నడక గురించి, తాళ్లూ పనిముట్లూ అక్కరలేని బాటల గురించి. మంచు పేరుకున్న వాలులకూ, 2,500 మీటర్లు దాటాక వచ్చే ఎత్తు జబ్బుకూ వేరే సన్నాహం కావాలి.

కావలసినవి

- వాన జాకెట్, వాన ప్యాంటు. కుట్ల మీద లోపలి నుంచి టేపు అంటించి ఉన్నవే కొనండి. టేపు లేని పలుచని జాకెట్ చిన్న జల్లుకు సరిపోతుంది, గంటసేపు కురిసే వానకు ఆగదు. పోంచో, అంటే తల మీదుగా వేసుకునే వదులైన వాన ముసుగు, అడవి బాటలో బాగానే ఉంటుంది. గాలి వీచే చోట మాత్రం తల మీదికి ఎగిరి, అడుగు వేసే చోటు కనపడనివ్వదు. గొడుగు సంగతి చెప్పనక్కరలేదు.
- ఒంటికి ఆనే చొక్కా పాలియెస్టర్‌దో ఉన్నిదో కావాలి. నూలు బట్ట వద్దు, జీన్స్ అసలే వద్దు. నూలు నీటిని పట్టుకుని వదలదు. నిశ్చలమైన గాలితో పోలిస్తే నీరు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది.
- ఫ్లీస్ లేదా స్వెట్టర్ ఒకటి వాడకానికి, మరొకటి విడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచడానికి. రెండోది నిజంగా అవసరం పడేదాకా విప్పకండి.
- చెవులు కప్పే టోపీ, చేతి తొడుగులు రెండు జతలు.
- అడుగున గాళ్లు అరగని బూట్లు. కొత్తవైతే ముందు వారంపాటు మామూలుగా తొడుక్కుని తిరగండి.
- కాగితం పటం, దిక్సూచి. ఫోనులో నెట్ లేకున్నా తెరుచుకునేలా దించుకున్న పటం, పవర్ బ్యాంక్.
- తలకు కట్టుకునే టార్చి, అదనపు బ్యాటరీలు. ఫోను టార్చిని దీనికి బదులుగా లెక్కించకండి. ఒక చేయి దానికే పోతుంది, అత్యవసరానికి దాచుకోవలసిన చార్జీ కూడా పోతుంది.
- ఈల.
- రెండు లీటర్ల నీళ్లు, తొడుగులు తీయకుండా నడుస్తూనే తినగలిగే తిండి.
- కట్టు గుడ్డలు, బొబ్బల పట్టీలు, మీరు రోజూ వేసుకునే మందులు.
- మనిషి పట్టేంత పెద్ద ప్లాస్టిక్ సంచి. కాలు బెణికి కదలలేకపోతే గాలినీ వాననూ ఆపేది ఇదే. బరువు తక్కువ, విలువ చాలా ఎక్కువ.

1. వాతావరణ సూచనను కొండకోసం చదవండి

చాలామంది చేసే మొదటి పొరపాటు కొండ కింది ఊరి సూచన చూసి బయలుదేరడం. పైకి వెళ్లేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకూ ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. కింద 20 డిగ్రీలుంటే 1,000 మీటర్ల పైన 13, 14 ఉంటుంది. గాలి కూడా తోడైతే ఒంటికి ఇంకా చల్లగా తగులుతుంది.

సూచనలో అయిదు సంగతులు వెతికి రాసుకోండి: వాన ఏ గంటకు, పైన గాలి ఎంత, పైన ఉష్ణోగ్రత ఎంత, మబ్బు ఏ ఎత్తులో, ఉరుములు ఉన్నాయా. గాలి అంకె దగ్గర కాస్త ఆగండి. గాలి వేగం రెట్టింపైతే అది మనిషిని తోసే బలం నాలుగు రెట్లవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలిలో నడవగలిగారు కాబట్టి 60లోనూ నడవవచ్చనుకోకండి. ఆ వేగంలో, అంచుల దగ్గర, నిలబడటమే కష్టం.

రెండు చోట్ల సూచన చూసి, రెండూ వేర్వేరుగా చెబితే చెడ్డదాన్నే నమ్మండి. ఉరుములు పొద్దున నుంచే అంటే ఆ రోజు మానుకోండి. మధ్యాహ్నం తర్వాత అంటే పెందలాడే బయలుదేరి ఆలోగా ఎత్తు దిగిపోవాలి. గాలి ఎక్కువ, ఉరుములు లేవు అంటే శిఖరం వదిలేసి లోయ బాటనో అడవి బాటనో ఎంచుకోండి. ఆ రోజుకు అదీ మంచి నడకే.

2. గంటలు లెక్కకట్టండి, వెనుదిరిగే వేళ రాసుకోండి

స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. అది మంచి వాతావరణంలో చురుగ్గా, ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. వాన, బురద, బరువు ఉన్న రోజున దానికి సగం కలపండి.

ఉదాహరణకు, పోను 6 కిలోమీటర్లు, రాను 6, ఎక్కుడు 900 మీటర్లు అనుకుందాం. పైకి వెళ్లడానికి 1 గంట 12 నిమిషాలు, ఎక్కుడుకు 1 గంట 30 నిమిషాలు, మొత్తం 2 గంటల 42 నిమిషాలు. సగం కలిపితే దాదాపు 4 గంటలు. దిగడానికి 1 గంట 12 నిమిషాలు, సగం కలిపితే 1 గంట 48 నిమిషాలు. విశ్రాంతికి ఒక గంట. అంటే సుమారు 7 గంటల పని. పొద్దున 6:30కు కదిలితే 11 లోపు పైన, 1:30కు కింద.

ఇప్పుడు వెనుదిరిగే వేళ పెట్టుకోండి. ఈ నడకకైతే 11:30. అప్పటికి శిఖరం ఇంకా పావుగంట దూరంలో కనపడుతున్నా తిరగాలి. తోడు వచ్చేవాళ్లందరికీ ఆ గంట ముందే చెప్పి, సరేననిపించుకోండి. పైకి వెళ్లాక ఈ మాట ఎత్తితే వాదన అవుతుంది. చీకటి పడటానికి కనీసం రెండు గంటల ముందు కిందికి చేరేలా మొత్తం లెక్క ఉండాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత కొండకు అక్షరాలా వర్తిస్తుంది.

పటం మీద మూడు రకాల గుర్తులు పెట్టండి. మధ్యలోనే దిగిపోగల దారులు ఎక్కడున్నాయి, గాలికి అడ్డు దొరికే చోట్లు ఏవి, దాటవలసిన వాగులు ఎన్ని. పొద్దున చీలమండ తడవకుండా దాటిన వాగు పైన రెండు గంటలు వాన పడితే మధ్యాహ్నానికి నడుము లోతు కావచ్చు. వెనక్కి వచ్చే దారిలో పెద్ద వాగు ఉంటే, వానరోజున ఆ దారే వద్దు.

3. ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వండి

ఏ దారిన వెళ్తున్నారు, ఎవరెవరు, బండి ఎక్కడ పెడతారు, ఎప్పటికి దిగుతారు, ఏ గంట దాటినా ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలి. నోటిమాటగా చెబితే ఎవరికీ గుర్తుండదు, కాగితం మీద ఇవ్వండి. దారి మార్చితే సిగ్నల్ ఉన్నచోటే తెలియజేయండి. దిగగానే ఫోను చేయండి. ఈ చివరిది మరిచిపోయి, క్షేమంగా ఇంట్లో కూర్చున్నవాళ్లకోసం చీకట్లో మనుషులు వెతకడం జరుగుతుంటుంది.

4. సంచి సర్దండి, తర్వాత నీళ్లతో పరీక్షించండి

సంచి మీద తొడిగే వాన కవరు ఒక్కదాన్నే నమ్ముకోకండి. వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి, గాలికి కవరే ఎగిరిపోతుంది. సంచి లోపల ఒక పెద్ద, మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, సామాను అందులో పెట్టి, మూతి మెలితిప్పి మడవండి. వాన జాకెట్, తొడుగులు అన్నిటికన్నా పైన ఉండాలి. జాకెట్ అడుగున ఉంటే దాన్ని తీసేలోపే మిగతావన్నీ తడుస్తాయి.

సరిగా సర్దారో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. సంచిలో సామాను బదులు పాత వార్తాపత్రికలు నింపి, స్నానాల గదిలో షవర్ కింద అయిదు నిమిషాలు నిలబెట్టండి. తీసి చూస్తే కాగితం మూల తడిసిన చోటే నీరు దారి చేసుకున్న చోటు. జాకెట్‌నూ అలాగే వేసుకుని నిలబడండి. మెడ దగ్గర, మణికట్టు దగ్గర, జిప్పు వెంబడి లోపలి చొక్కా తడిసిందేమో చూడండి. బట్ట మీద నీళ్లు బొట్లుగా జారకుండా పరుచుకుని ఇంకుతుంటే జాకెట్‌ను ఉతికి, నీళ్లను నిలవనివ్వని పూత మళ్లీ వేయించే సమయం వచ్చినట్టే.

5. కాస్త చలిగా ఉండగానే నడక మొదలుపెట్టండి

బయలుదేరేటప్పుడు వెచ్చగా ఉన్నారంటే బట్ట ఒక పొర ఎక్కువైనట్టు. పది నిమిషాలకే చెమట పడుతుంది. ఆ చెమటే పైన గాలికి చల్లబడి వణికిస్తుంది. వానలో తడిసినా చెమటలో తడిసినా ఒంటికి ఒకటే. పది, పదిహేను నిమిషాలు నడిచాక ఆగి, స్వెట్టర్ తీసి, బూటు తాళ్లు సరిచేసుకోండి. ఎక్కుతూ పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగమే సరైన వేగం. జట్టులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుండాలి.

ఆగినప్పుడు ముందు స్వెట్టర్, ఆ తర్వాత తిండి. ఈ వరసను తిరగేసేవాళ్లే ఎక్కువ. అరగంటకోసారి నాలుగు గుక్కల నీళ్లు, గంటకోసారి నాలుగు ముద్దలంత తిండి. వానలో దాహం తెలియదు, ఆకలి ఆలస్యంగా తెలుస్తుంది.

6. అరగంటకోసారి గాలి వచ్చే వైపు చూడండి

నడిచేటప్పుడు కళ్లు కాళ్ల మీదే ఉంటాయి. వాతావరణం మాత్రం గాలి వచ్చే వైపు నుంచి, తరచు వీపు వెనక నుంచి వస్తుంది. చూడవలసినవి ఇవి:

- పొద్దున పదికే దూదికుప్పల్లాంటి మబ్బులు వెడల్పుకన్నా ఎత్తు ఎక్కువగా పెరుగుతుంటే మధ్యాహ్నం ఉరుములకు అవకాశం ఎక్కువ.
- పలుచని తెల్లమబ్బు క్రమంగా చిక్కబడి, సూర్యుడి చుట్టూ వలయం కట్టి, తర్వాత సూర్యుడే మసకబారితే ముసురు రావచ్చు. దీనికి కొన్ని గంటల వ్యవధి ఉంటుంది.
- ఉక్కగా ఉన్న గాలి ఒక్కసారిగా చల్లబడి ఈదురుగాలిగా మారితే వ్యవధి నిమిషాల్లోనే. అప్పుడు ఫొటోలు వద్దు, దిగండి.

పీడనంతో ఎత్తు చూపే గడియారం ఉంటే దానితో మంచి ఉపాయం ఉంది. తినడానికి కూర్చోగానే అంకె చూసుకోండి, లేచేటప్పుడు మళ్లీ చూడండి. మీరు కదలలేదు, అయినా అది 10 మీటర్లు పెరిగినట్టు చూపితే గాలి పీడనం సుమారు 1 మిల్లీబార్ పడిపోయిందన్నమాట. అరగంటలో అంత తగ్గుదల అంటే వాతావరణం త్వరగా పాడవుతోందని అర్థం. ఉపగ్రహ సంకేతంతో తనంతట తాను ఎత్తు సరిచేసుకునే గడియారమైతే ఆ సదుపాయాన్ని ముందు ఆపేయండి, లేకపోతే ఈ తేడా కనపడదు.

7. చినుకు మొదలవగానే జాకెట్ వేసుకోండి

“ఆగిపోయే చినుకేలే” అనుకుని నడవడం నేను చూసిన పొరపాట్లన్నిటిలో మామూలైనది, ఎక్కువ నష్టం చేసేదీ. లోపలి పొర తడిశాక జాకెట్ వేసుకుంటే ఆ తడినే లోపల బంధించినట్టు. వాన ఆగిపోతే జాకెట్ తీసేయడానికి నిమిషం చాలు. చెట్ల కింద నుంచి బయలు ప్రదేశానికి వెళ్లే ముందే, గాలికి అడ్డు ఉన్న చోటే వేసుకోండి. వాన ప్యాంటు బూటు మీదికి దిగాలి. బూటు లోపలికి దోపితే నీళ్లన్నీ అందులోకే జారతాయి.

అరగంట తర్వాత జాకెట్ లోపలికి చేయి పెట్టి చంకల దగ్గర, వీపు మీద తడిమి చూడండి. కాస్త చెమ్మ ఉంటే సరే. తడి ఉంటే చంకల జిప్పులు తెరవండి, వేగం తగ్గించండి, లోపలి స్వెట్టర్ తీసేయండి.

8. పొగమంచు కమ్మితే ఆగండి

కమ్ముతుండగానే ఆగాలి, కమ్మేశాక కాదు. ఎదురుగా ఉన్న గుర్తులు ఇంకా కనపడుతుండగా మీరున్న చోటు పటం మీద వేలు పెట్టి చూపించగలగాలి. చూపలేకపోతే, కచ్చితంగా తెలిసిన చివరి చోటికి వెనక్కి నడవండి. “ఇంకాస్త ముందుకెళ్తే తెలుస్తుంది” అనుకునేవాళ్లే తప్పిపోతారు.

దిక్సూచితో దిక్కు పట్టడం ఇలా. దిక్సూచి పలక పొడవైన అంచును పటం మీద మీరున్న చోటు నుంచి చేరవలసిన చోటికి ఆనించండి, పలక మీది బాణం వెళ్లే వైపు చూడాలి. గుండ్రటి చక్రాన్ని తిప్పి, అందులోని గీతలు పటం మీది ఉత్తరపు గీతలతో కలిసేలా చేయండి. ఇప్పుడు పలకను ఛాతీ ముందు బల్లపరుపుగా పట్టుకుని, ఎర్ర ముల్లు చక్రంలోని బాణం గుర్తులో కూర్చునేదాకా మీరే ఒళ్లు తిప్పండి. పలక బాణం చూపేదే దారి. పటం ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ ఉండే తేడా పటం అంచున రాసి ఉంటుంది, ఎక్కువుంటే సరిచేసుకోండి.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. చక్రాన్ని తలకిందులుగా పెట్టి సరిగ్గా ఎదురు దిక్కుకు నడవడం ఒకటి. ఫోను, ఇనుప సామాను దిక్సూచికి దగ్గరగా ఉంచడం రెండోది. సరిచూసుకోవడానికి కాళ్ల కింది నేల ఉంది: పటం మీది ఎత్తు రేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) ప్రకారం ఆ దిక్కున వాలు కుడివైపు దిగాలంటే, మీ కుడివైపు నేల దిగుతోందా? దిగకపోతే ఆగి మళ్లీ పట్టండి.

దూరం తెలియడానికి అడుగులు లెక్కపెట్టండి. ఎడమ కాలు పడినప్పుడల్లా ఒకటి లెక్కిస్తే, చదును నేల మీద 100 మీటర్లకు చాలామందికి 60 నుంచి 70 మధ్య వస్తుంది. మీ అంకె ముందే కొలుచుకోండి. వాలు మీద అది పెరుగుతుంది. పొగమంచులో నేరుగా వెళ్లడంకన్నా గోడ, కంచె, వాగు వంటి వెంబడించగల గుర్తును పట్టుకుని చుట్టు తిరిగి వెళ్లడమే మేలు. జట్టులో ఎవరూ కనుచూపు దాటకూడదు.

ఫోనులోని పటం ఇక్కడ చాలా సాయపడుతుంది, వాడుకోండి. అయితే తడి తెర మీద వేలు పనిచేయదు, చలికి బ్యాటరీ చప్పున దిగిపోతుంది. విమాన మోడ్‌లో పెట్టి, ఒంటికి దగ్గరగా లోపలి జేబులో ఉంచండి.

9. ఉరుము వినపడితే ఎత్తు దిగండి

మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపు వినపడిందంటే పిడుగు పడగల దూరంలోనే ఉన్నారు. శిఖరం, గట్టు, ఒంటరి చెట్టు, నీటి అంచు, స్తంభాలు, కంచెలు అన్నీ వదిలి, దిగువకు నడవండి. చిన్న గుహ మూతి, బండ కింది సందు సురక్షితం కాదు, మెరుపు రాతి వెంబడి ఆ సందును దాటి దూకగలదు. ఒకరికొకరు దూరంగా జరగండి. దిగే వీలే లేకపోతే సంచి మీద రెండు పాదాలూ కలిపి గొంతుక్కూర్చోండి, పడుకోవద్దు. దానివల్ల ప్రమాదం తగ్గుతుందే తప్ప పోదు, కాబట్టి అక్కడిదాకా రానివ్వకండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ ఎత్తైన చోటికి వెళ్లండి.

10. చలి తలకెక్కడాన్ని పక్కవారిలో గమనించండి

ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి పడితే ప్రమాదం మొదలైనట్టు. ఆ స్థితిలో ఉన్నవారికి ఆ సంగతి తెలియదు, అందుకే పక్కవాళ్లు చూడాలి. మాట తడబడటం, జిప్పు పట్టుకోలేకపోవడం, చదును నేల మీదే తూలడం, చిరాకు లేదా మౌనం, ఇవి తొలి గుర్తులు. బొటనవేలిని అదే చేతి చిటికెన వేలికి తాకించమనండి. తడబడితే వెంటనే ఆగండి.

గాలి తగలని చోట కూర్చోబెట్టి, కింద సంచి వేసి, తడి బట్ట తీసి, దాచిన పొడి స్వెట్టర్ తొడగండి. పెద్ద ప్లాస్టిక్ సంచిలోకి దూర్చి, తెలివిగా ఉంటే తీపి తినిపించండి, వెచ్చటి పానీయం ఉంటే ఇవ్వండి. కాళ్లూ చేతులూ రుద్దవద్దు, మద్యం వద్దు. చలి తగ్గకుండానే వణుకు ఆగిపోయిందంటే పరిస్థితి విషమించినట్టు, సహాయం పిలవండి. 112 చాలా దేశాల్లో అత్యవసర నంబరు. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరుసార్లు. రాత్రయితే టార్చితో అదే లెక్క. జవాబు వినపడినా ఆపకండి, మీ దగ్గరికి వచ్చేదాకా ఊదండి.

11. దిగుడును తేలిగ్గా తీసుకోకండి

తాళ్లు బిగించండి, నడక కర్రలు ఉంటే వాటిని పొడుగు చేయండి, అడుగు చిన్నది చేయండి. తడిసిన చెట్ల వేళ్లు, పాచి పట్టిన రాయి, తడి గడ్డి, ఈ మూడింటి మీద పాదం మొత్తం ఆనించి వేయండి. వాగు మోకాలు దాటి వేగంగా ఉన్నా, అడుగున రాళ్లు దొర్లే చప్పుడు వినపడినా దాటవద్దు. చిన్న కొండవాగులు వాన ఆగాక కొన్ని గంటల్లో తీస్తాయి. వేచి ఉండండి, లేదా ముందే గుర్తుపెట్టుకున్న వేరే దారిన దిగండి. లోతు తక్కువగా ఉండి దాటవలసి వస్తే సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పి, బూట్లు తీయకుండా, గాలి వచ్చే వైపు కాక నీరు వచ్చే వైపు ముఖం పెట్టి పక్కకు జరుగుతూ దాటండి.

నడక సరిగా జరిగిందని ఎలా తెలుస్తుంది?

ఇంటికి రాగానే మూడు చూడండి. దాచిన స్వెట్టర్ పొడిగా ఉందా? టార్చి, తిండి, నీళ్లు కొంతైనా మిగిలాయా? ఏమీ మిగలకపోతే ఈసారి అదృష్టం మీద గడిచింది, తర్వాతిసారి పెంచండి. లెక్కకట్టిన గంటలకూ నిజంగా పట్టినవాటికీ తేడా ఎంత? సగం కలిపినా ఇంకా ఆలస్యమైందంటే మీకు రెట్టింపు కలపాలి. ఆ అంకెను పటం వెనక రాసుకోండి. బూట్లలోంచి అడుగు అట్టలు తీసి, వార్తాపత్రిక కుక్కి నీడలో ఆరబెట్టండి, పొయ్యి దగ్గర పెడితే జిగురు ఊడిపోతుంది. జాకెట్‌ను తడిగా మడిచి సంచిలో వదిలేయకండి, బూజు పడుతుంది.